క్రొత్త ఆటల పెట్టె అంగడికి వచ్చిన నాడు

పాఠశాల వార్షిక సంచికలో వీడియో గేమ్ కన్సోలును గూర్చిన వ్యాసమేమిటని కొందరు తలిదండ్రులు ఆశ్చర్యపడవచ్చును. మన ఏ. పళ్లిపట్టి ప్రాంతమున కర్రపెండలము ధర, మామిడి కాపు, వాన రాకడ, ఇవియే నిత్యము జరుగు సంభాషణలు. అయినను ఈ మధ్య మన పిల్లల నోట "పీఎస్ ఫైవ్", "ఎక్స్‌బాక్స్", "స్విచ్" అను మాటలు తఱచుగా వినబడుచున్నవి. బెంగుళూరిలోను హోసూరులోను పనిచేయు అన్నలు, మేనమామలు సెలవులకు వచ్చినప్పుడు ఈ మాటలను వెంట తెత్తురు. తక్కినది సెల్‌ఫోను నేర్పును. "క్రొత్తది వచ్చినదట, వెంటనే కొనియిమ్మని పిల్లవాడు పట్టుబట్టుచున్నాడు, ఏమి చేయుదుము?" అని మమ్ము అడిగిన తలిదండ్రులు కలరు.

అడుగవలసిన ప్రశ్నయే. సోనీ వారి ప్లేస్టేషన్ 5 మన దేశమున 2021 ఫిబ్రవరి 2వ తేదీన అమ్మకమునకు వచ్చినప్పుడు డిస్కు పెట్టుటకు వీలున్న నమూనా వెల 49,990 రూపాయలు. కూలి పనికి పోవు ఇంటికి అది పలు నెలల సంపాదన. అంత సొమ్ముతో ముడిపడిన వస్తువు ఎట్లు పుట్టునో, అంగడికి వచ్చిన తొలినాళ్లలో ఏల కొన్ని నెగ్గునో, ఏల కొన్ని మునుగునో తెలిసియుండుట మంచిది. పిల్లవాని కోరికను కాదనుటకైనను ఔననుటకైనను ఆ తెలివిడి పనికివచ్చును.

ముందుగా ఆ పెట్టె యేమో చెప్పుదుము. అది టెలివిజనుకు తగిలించి ఆటలాడుకొనుటకై ప్రత్యేకముగా చేసిన కంప్యూటరు. నేడు లోకమున ఈ వ్యాపారమున ముఖ్యులు మువ్వురు: జపానుకు చెందిన నింటెండో, సోనీ, అమెరికాకు చెందిన మైక్రోసాఫ్టు. నింటెండో వారు 1889లో క్యోటో నగరమున పేకముక్కలు తయారుచేయుటతో వ్యాపారము మొదలిడినవారు. పేకాట నుండి వచ్చిన కంపెనీయని విని మన పెద్దలు నవ్వుదురేమో! సుమారు అయిదారేండ్లకో ఏడెనిమిదేండ్లకో ఒకమారు ఈ కంపెనీలు పాత పెట్టెను విడిచి క్రొత్తదానిని తెత్తురు. దానినే క్రొత్త తరమందురు.

ఈ వ్యాపారములోని కీలకము మన ఇండ్లలోని కేబుల్ టీవీని చూచిన బోధపడును. 2017లో అరసు కేబుల్ వారు సెట్‌టాప్ పెట్టెలను ఉచితముగా ఇచ్చిరి గదా. పెట్టె ఉచితమే గాని నెల నెల చందా కట్టవలెను. ఆటల పెట్టె సంగతియు ఇంచుమించు అట్టిదే. తొలినాళ్లలో దానిని లాభము లేకుండనో, నష్టమునకో అమ్ముట కలదు. లాభమంతయు ఆ పిమ్మట అమ్ముడగు ఆటల మీద వచ్చును. ఇతరులు చేసిన ఆట అమ్ముడైనను అందులో పెట్టె కంపెనీకి వాటా ముట్టును. పెట్టెలు ఎక్కువ ఇండ్లకు చేరినగాని ఆటలు చేయువారు ముందుకు రారు. ఆటలు లేనిదే పెట్టెను కొనువారుండరు. చెట్టు ముందా విత్తు ముందా అను చిక్కు ఇదియే. తొలి దినముల అమ్మకమునకు కంపెనీలు ప్రాణములొడ్డి పోరాడుట ఇందుకే.

ఈ చిక్కులో పడి ఒక దేశపు వ్యాపారమే కూలిన కథ కలదు. 1977లో అటారీ అను అమెరికా కంపెనీ పెట్టె యొకటి వచ్చి ఇంటింట వెలసినది. అది చూచి ఆటలు చేయుట ఎఱుగనివారు కూడ ఆటలు చేసి అంగళ్లలో గుమ్మరించిరి. 1982లో ఒక ప్రసిద్ధ సినిమా పేరు మీద "ఈ.టీ." అను ఆటను సుమారు అయిదు వారములలో ముగించి పండుగ అమ్మకమునకు పంపిరి. కొన్నవారు విసిగిపోయిరి. 1983లో అమ్ముడుపోని సరకును న్యూ మెక్సికో రాష్ట్రమున అలమొగోర్డో అను ఊరి చెత్తగోతిలో పూడ్చిపెట్టిరి; 2014లో దానిని త్రవ్వి తీసి చూచిరి కూడ. అమెరికాలో 1983లో 320 కోట్ల డాలర్లుండిన ఆటల వ్యాపారము 1985 నాటికి పదికోట్లకు పడిపోయెనని లెక్క చెప్పుదురు. ఇక్కడ చెడినది యంత్రము కాదు, కొనువాని నమ్మకము.

1985లో నింటెండో వారు తమ పెట్టెతో న్యూయార్కు నగరమున దిగిన నాటికి ఆ అంగళ్లవారు వీడియో గేమ్ అను మాట వినుటకే ఇష్టపడలేదు. అందుచేత నింటెండో వారు ఒక చిన్న మరబొమ్మను జతచేసి, దానిని ఆటబొమ్మగా చూపిరి. అమ్ముడుపోని సరకును తామే వెనుకకు తీసికొందుమని వర్తకులకు మాట యిచ్చిరి. తమ అనుమతి లేనిదే ఎవ్వరును ఆ పెట్టెకు ఆట చేయకుండ లోపల ఒక తాళపు చిప్‌ను అమర్చిరి. ఒక్కొక్క కంపెనీ ఏటికి ఇన్ని ఆటలకు మించి తేరాదని కట్టడి చేసిరి. ఇది నిరంకుశత్వమని తిట్టినవారుండిరి. కాని చెడ్డ సరకు అంగడి నిండకుండ నాపినది ఆ కట్టడియే అని మా అభిప్రాయము. అంతకు రెండేండ్ల ముందు, 1983లో, ఇదే పెట్టె "ఫామికామ్" అను పేరుతో జపానులో వచ్చినప్పుడు తొలి సరకులో కొన్నింట లోపమున్నట్లు తేలినది. కంపెనీ వారు సాకులు వెదకక వానిని వెనుకకు రప్పించి క్రొత్త పలకలు వేసి యిచ్చిరి. తొలి సంవత్సరమున పోయిన సొమ్ము ఆపై పదేండ్ల పేరుగా తిరిగి వచ్చినది.

తరువాత చెప్పవలసినది 1995వ సంవత్సరపు సంగతి. తొందరపాటు ఎంత చేటు తెచ్చునో ఇంతకంటె చక్కని ఉదాహరణము మాకు కనబడలేదు. సేగా అను జపాను కంపెనీ తన "సాటర్న్" పెట్టెను అమెరికాలో సెప్టెంబరు 2వ తేదీన తెచ్చుటకు నిర్ణయించుకొన్నది. సోనీ వారు ఈ రంగమున తొలిమారుగా "ప్లేస్టేషన్"తో అదే నెలలో రానుండిరి. వారికంటె ముందుండవలెనని సేగా వారు మే 11వ తేదీన ఒక పెద్ద ప్రదర్శనలో, "మా పెట్టె నేడే అంగళ్లలో ఉన్నది, వెల 399 డాలర్లు" అని ప్రకటించిరి. సభ నివ్వెరపోయినది. అదే దినమున సోనీ ప్రతినిధి వేదిక యెక్కి ఒక్క అంకె మాత్రము చెప్పి దిగిపోయెను: 299. అంతకుమించి ఆయన చెప్పవలసిన అవసరము కలుగలేదు.

నూరు డాలర్ల తేడా ఒక్కటే అయినచో సేగా నిలద్రొక్కుకొని యుండునేమో. కాని నాలుగు నెలలు ముందుగా వచ్చుటచేత సెప్టెంబరుకు సిద్ధము చేసికొనుచున్న ఆటలేవియు పూర్తికాలేదు. కొన్నవారికి ఆడుటకు గుప్పెడు ఆటలే దొరికినవి. సరకు చాలనందున కొందరు వర్తకులకే పెట్టెలు పంపిరి. తక్కిన వర్తకులు అవమానపడి, కొందరు సేగా సరకునే తమ అంగళ్ల నుండి తొలగించిరి. జూన్‌లో బడి తెఱచిన నాడు పిల్లలు వచ్చి కూర్చుండగా తెలుగు వాచకములు దీపావళికి గాని చేరనిచో ఆ తరగతి గతి యేమగునో మనము ఊహింపగలము. గది ఉన్నది, గంట ఉన్నది, ఉపాధ్యాయుడున్నాడు. చదువు మాత్రము లేదు. సాటర్న్ కథ అదే. లోకమంతట అది కోటికి లోపుగా అమ్ముడుపోగా, ప్లేస్టేషన్ పదికోట్లు దాటినది.

కావున క్రొత్త పెట్టెకు మొట్టమొదట కావలసినది, దానిని ఆ దినముననే కొనుటకు కారణమగు ఒక్క ఆటయైనను. "తరువాత వచ్చును" అను ఆట చాలదు. పెట్టెతోపాటు చేతికి రావలెను. 2006లో నింటెండో వారి "వీ" ఇట్లే నెగ్గినది. బలములో అది తన సాటివాని ముందు నిలువజాలదు. దానితో పోటీగా వచ్చిన ప్లేస్టేషన్ 3 లో అతి వేగముగల చిప్పు, సినిమాలు చూచుటకు క్రొత్త రకపు డిస్కు యంత్రము ఉండెను. వెల 499, 599 డాలర్లు. "వీ" వెల 249 డాలర్ల చిల్లర. జపాను తప్ప తక్కిన పెక్కు దేశములలో "వీ స్పోర్ట్స్" అను ఆటను పెట్టెలోనే పెట్టి యిచ్చిరి. చేతికఱ్ఱవంటి మీటను పట్టి గాలిలో ఊపిన తెరపై టెన్నిసు బంతి ఎగురును. అవ్వకు గూడ నేర్పనక్కఱలేదు. దాని గొప్ప అదియే. పదికోట్లకు పైగా అమ్ముడైన ఆ పెట్టె, యంత్రబలమే సర్వస్వమనువారికి మంచి సమాధానము. 2017 మార్చి 3వ తేదీన "స్విచ్" వచ్చినప్పుడును ఇట్లే, "జెల్డా" వరుసలోని ఒక గొప్ప ఆట అదే దినమున చేతికి వచ్చినది. ఆ పెట్టెను టెలివిజనుకు తగిలింపవచ్చును, చేతబట్టుకొని బస్సులోను ఆడవచ్చును. ఏమిటిదని అడిగినవానికి ఒక్క వాక్యములో చెప్పవచ్చును.

ఒక్క వాక్యములో చెప్పజాలని పెట్టె సంగతియు వినుడు. 2012 నవంబరులో అదే నింటెండో వారు "వీ యూ" అను పేరుతో క్రొత్త పెట్టెను తెచ్చిరి. ఇది పాత "వీ"కి తగిలించుకొను పలకయా, క్రొత్త యంత్రమా అని చాలమంది తలిదండ్రులు తికమకపడిరి. పేరు పెట్టుటలో నేర్పు లేకపోవుట ఇంత నష్టము తెచ్చునా అనిపించును గాని, అది తన జీవితకాలమున ఒక కోటి 35 లక్షల చిల్లరతోనే ఆగిపోయినది. స్విచ్ పదిహేను కోట్లు దాటినది.

ధరను గూర్చి ఇంకొక మాట. 2011లో నింటెండో వారు చేతబట్టు "3డీఎస్" అను పెట్టెను అమెరికాలో 249 డాలర్ల చిల్లరకు అమ్మకమునకు పెట్టిరి. అమ్మకము మందగించినది. పేరుగల "మారియో" ఆటలింకను రాలేదు. ఆరు నెలలైనను కాకమునుపే ఆగస్టులో వెలను ఏకముగా 80 డాలర్లు తగ్గించిరి. మరి తొలి దినముననే నమ్మి కొన్నవారి గతి యేమి? వారికి ఇరువది పాత ఆటలను ఉచితముగా ఇచ్చిరి. కంపెనీ అధ్యక్షుడు ఇవాతా తన జీతమును సగమునకు తగ్గించుకొనెను. ఆ సంవత్సరము చివర మారియో ఆటలు వచ్చి పెట్టె నిలిచినది. ఇట్టి నడవడి వర్తకమున అరుదని మేము ప్రత్యేకించి పేర్కొనుచున్నాము. అయినను తొలినాడు పరుగెత్తినవాడే ఎక్కువ వెల యిచ్చెననుటను మరువరాదు.

మన తలిదండ్రులకు అన్నిటికంటె త్వరగా అర్థమగునది 2013 నాటి తగవు. మన ఇండ్లలో అన్న చదివిన పుస్తకము తమ్మునికి, ఆపై పొరుగింటి పిల్లకు చేరును. అట్టలు ఊడిపోయినను అక్షరములు చెడవు గదా. ఆటల డిస్కులును విదేశములలో అట్లే చేతులు మారును; ఆడి ముగించినది సగము వెలకు అమ్మి వేరొకటి కొందురు. మైక్రోసాఫ్టు వారు ఆ సంవత్సరము మే నెలలో "ఎక్స్‌బాక్స్ వన్"ను ప్రకటించుచు, పెట్టె 24 గంటల కొకమారైనను ఇంటర్నెట్‌తో కలియవలెననియు, కొన్న డిస్కును ఇతరులకిచ్చుటకు షరతులుండుననియు తెలిపిరి. జనులు మండిపడిరి. జూన్‌లో సోనీ వారు ఒక చిన్న చలనచిత్రము చూపిరి: ఒకడు డిస్కును చేత తీసి ప్రక్కవాని చేతికిచ్చును, అంతే. తమ "ప్లేస్టేషన్ 4"లో ఆట నిచ్చి పుచ్చుకొనుట ఎంత తేలికయో చూపుట దాని భావము. వారి వెల 399 డాలర్లు. మైక్రోసాఫ్టు వారిది కెమెరాతో కలిపి 499. జూన్ 19వ తేదీన మైక్రోసాఫ్టు వారు ఆ షరతులను ఎత్తివేసిరి గాని, పెట్టె అంగడికి రాకమునుపే చెడిన పేరు ఆ తరమంతయు బాగుపడలేదు. కొన్న వస్తువు నాదే యని కొన్నవానికి తోపవలెను. ఇది తెలియనివారు ఎంత గొప్ప యంత్రమును చేసినను ఫలము లేదు.

అదే కంపెనీ 2005లో తెచ్చిన "ఎక్స్‌బాక్స్ 360" అందరికంటె ముందుగా వచ్చి మంచి ఆటలతో నెగ్గినది గాని, లోపలి వేడికి చాల పెట్టెలు చెడి, ముందుభాగమున ఎఱ్ఱ దీపములు వెలిగి ఆగిపోయెడివి. 2007లో హామీ కాలమును మూడేండ్లకు పెంచి, మరమ్మతులకై నూరు కోట్ల డాలర్లకు పైగా లెక్కలలో ప్రక్కకు పెట్టవలసి వచ్చినది. అంత సొమ్మున్న కంపెనీ గనుక తట్టుకొన్నది.

తొలి దినము బాగుండిన చాలునా? చాలదు. సేగా వారే 1999 సెప్టెంబరు 9న అమెరికాలో "డ్రీమ్‌కాస్ట్"ను తెచ్చిరి. ఈమారు వెల 199 డాలర్లు. మొదటి దినముననే 18 ఆటలు. అమ్మకము జోరుగా సాగినది. కాని సాటర్న్ నాటి అప్పులు మెడకు చుట్టుకొనియుండెను. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద ఆటల కంపెనీ వారికి ఆటలు చేయ నిరాకరించినది. అంతలో 2000 మార్చిలో జపానున ప్లేస్టేషన్ 2 వచ్చినది. అది పాత ప్లేస్టేషన్ డిస్కులను ఆడించును, డీవీడీ సినిమాలను చూపును. ఇంటిలోని పాత డిస్కులు వృథా కావు, సినిమా యంత్రము వేఱే కొననక్కఱలేదు, ఇక ఎవ్వరు ఆగుదురు? 2001 మార్చి 31తో డ్రీమ్‌కాస్ట్ తయారీ నిలిచిపోయినది; సేగా వారు పెట్టెలు చేయుటయే మానుకొని ఇతరుల పెట్టెలకు ఆటలు చేయసాగిరి. పాత ఆటలను కాపాడుట ఎంతటి బలమో 2025 జూన్ 5న వచ్చిన "స్విచ్ 2" మరల చూపినది. పాత స్విచ్ ఆటలలో చాలభాగము దానిలో నడచును. నాలుగు దినములలో 35 లక్షలు అమ్ముడైనవి.

మన దేశపు సంగతికి వత్తము. ప్లేస్టేషన్ 5 అమెరికా, జపానులలో 2020 నవంబరు 12న వచ్చినది; మనకు చేరుటకు మూడు నెలలు పట్టినది. జనవరిలో ముందస్తు కొనుగోలు తెఱచిన కొన్ని నిమిషములలోనే సరకు అయిపోయినది. చాలినంత సరకు లేనిచోట మధ్యవారు పుట్టి ఎక్కువ వెలకు అమ్ముదురు. వేడి తగ్గునంతవఱకు ఆగుటయే సామాన్యునికి మార్గము. అయితే ఆగినవానికి వెల తగ్గుననుట ఒకప్పటి మాట. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 299 డాలర్లకు మొదలై 2009 నాటికి 99కి దిగినది. ప్లేస్టేషన్ 5 అట్లు కాదు: 2022 నవంబరులో మన దేశమున దాని వెల 54,990 రూపాయలకు పెరిగినది, అమెరికాలో 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచిరి. తగ్గునని ఎదురుచూచువారు ఈ సంగతిని గూడ లెక్కలో పెట్టుకొనవలెను.

భాష మాటయో? 2020లో వచ్చిన ఆ పెట్టె తెరపై ఎన్నుకొనుటకు పెక్కు భాషలుండెను. వానిలో తెలుగు లేదు, తమిళము లేదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడు మన పిల్లవాడు ఆ పెట్టె ముందు కూర్చుండిన ఇంగ్లీషే గతి. ఆ నెపమున ఇంగ్లీషు వచ్చునని సంతోషించువారు సంతోషింపవచ్చును; మాకు మాత్రము మనసొప్పలేదు.

తెలుగువారికి ఈ రంగమున ప్రవేశమే లేదనుట మాత్రము సరికాదు. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ వారు ప్లేస్టేషన్ 2 కొఱకు "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆటను చేసిరి, పూర్తిగా మన దేశముననే తయారైన తొలి ప్లేస్టేషన్ ఆటగా దానిని చెప్పిరి. హైదరాబాదుదే యగు గేమ్‌శాస్త్ర కంపెనీ "దేశీ అడ్డా" అను ఆటల సంపుటమును చేసినది. అందులో కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటములు ఉండెను. మన పొలముల గట్ల మీద ఖర్చు లేకుండ ఆడునవి జపాను పెట్టెలోనికి ఎక్కినవి! అయితే అప్పటికి ప్లేస్టేషన్ 2 వచ్చి తొమ్మిదేండ్లు గడచినవి. విదేశములలో తొలి దినమున పెట్టెను నిలబెట్టిన ఆటలు వేఱు. మన ఆట దాని వెల దిగి, వేల ఆటలు చేరి, పడమటి దేశములవారు తరువాతి తరమునకు పోయిన పిమ్మట వచ్చినది. ఆ పెట్టె తయారీ ఆ తరువాత మూడేండ్లకు పైగా, 2013 తొలినాళ్లవఱకు, సాగుచునే ఉండెను.